గ్లామ్ మెటల్ మొదలుపెట్టాలంటే ఏ తొలి ఆల్బమ్: మాట్లీ క్రూనా, పాయిజనా, స్కిడ్ రోనా?

గ్లామ్ మెటల్, అంటే మేకప్ వేసుకున్న 1980ల బ్యాండ్ల మెటల్ సంగీతం, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే చాలామంది ఓ హిట్ పాటల ప్లేలిస్ట్ పంపిస్తారు. నేనైతే వద్దంటాను. ప్లేలిస్టులో ఈ బ్యాండ్లన్నీ ఒకేలా వినిపిస్తాయి. పదిమంది కలిసి అరిచినట్టుండే కోరస్, గదంతా మోగే డ్రమ్స్, మధ్యలో కాసేపు గిటార్ సోలో. నాలుగో పాటకే మొహం మొత్తుతుంది. అదే ఒక బ్యాండ్ తొలి ఆల్బమ్ తీసుకుని మొదటి పాట నుంచి చివరిదాకా వింటే ఎవరి దగ్గర సరుకుందో, ఎవరు లిప్‌స్టిక్ మీదే బండి లాగించారో తేలిపోతుంది. తొలి ఆల్బమే ఎందుకంటారా? ఆ పాటలు క్లబ్బుల్లో జనం ముందు వాయించి, ఎవరికీ ఎక్కనివి పక్కన పడేసి, మిగిలినవాటితో చేసినవి. రెండో ఆల్బమ్‌కి వచ్చేసరికి కంపెనీ, గడువు, రేడియో మూడూ వచ్చి నెత్తిన కూర్చుంటాయి.

పోటీ మూడింటి మధ్య పెడుతున్నాను. మాట్లీ క్రూ 'టూ ఫాస్ట్ ఫర్ లవ్' (1981), పాయిజన్ 'లుక్ వాట్ ద క్యాట్ డ్రాగ్డ్ ఇన్' (1986), స్కిడ్ రో తమ పేరే పెట్టుకున్న 'స్కిడ్ రో' (1989). సరిగ్గా ఈ మూడే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. మూడింటి వెనకా ఒకే మనిషి చెయ్యి ఉంది. జర్మనీ నుంచి లాస్ ఏంజెలిస్ వచ్చిన మైకేల్ వాగెనర్ అనే సౌండ్ ఇంజినీర్. మొదటిదానికి ఇంజినీరింగ్, మిక్సింగ్ (విడివిడిగా రికార్డు చేసిన శబ్దాలను పాళ్లు చూసి కలపడం) చేశాడు. రెండోదానికి మిక్సింగ్ మాత్రమే. మూడోదానికి ప్రొడ్యూసర్ కూడా తనే. అంటే మిక్సింగ్ బోర్డు దగ్గర ఉన్న చెవులు అవే. మారినవల్లా డబ్బు, టైమ్, అద్దానికి అవతల వాయించేవాళ్లు. పోల్చి చూడడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు. అన్నట్టు 1986లో మెటాలికా 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' మిక్స్ చేసిందీ ఈయనే. గ్లామ్ పేరెత్తితే ముక్కు విరిచే థ్రాష్ (మెటాలికా తరహా వేగమైన, కరకు మెటల్) అభిమానులు మీ ఫ్రెండ్స్‌లో ఉంటే ఈ సంగతి ఓసారి చెప్పి చూడండి.

మాట్లీ క్రూ: సొంత లేబుల్, 900 కాపీలు

నిక్కీ సిక్స్ (బాస్), టామీ లీ (డ్రమ్స్), మిక్ మార్స్ (గిటార్), విన్స్ నీల్ (గాత్రం) 1981లో లాస్ ఏంజెలిస్‌లో కలిశారు. వీళ్లకోసం ఏ పెద్ద కంపెనీ తలుపు తీసుకుని కూర్చోలేదు. దాంతో లెదర్ రికార్డ్స్ అని సొంత లేబుల్ ఒకటి పెట్టుకుని, అదే ఏడాది నవంబర్‌లో ఆల్బమ్ తామే వేసుకున్నారు. మొదటి విడతలో అచ్చయినవి 900 కాపీలు. బ్యాండ్ పేరులో అక్షరాల మీద అవసరం లేని చుక్కలు పెట్టిన ఈ మహానుభావులు లేబుల్ పేరు మీదా రెండు చుక్కలు పెట్టారు. చూడ్డానికి బాగుంటుందని తప్ప ఇంకో కారణం వెతకక్కర్లేదు.

ఇక సంగీతం. మొదటి పాట 'లైవ్ వైర్'లో గిటార్ ఒక్కటే తీగల్ని అదిమిపట్టి గబగబా గీకుతూ మొదలవుతుంది. దాని మీద డ్రమ్స్ వచ్చి పడతాయి. వాయిస్తున్న టామీ లీకి ఆల్బమ్ వచ్చేనాటికి 19 ఏళ్లు. పాట నడుస్తుండగా కౌబెల్ అనే లోహపు గంట మీద అతను కొట్టే దెబ్బలు వింటే, పక్కవాళ్లు ఏమైపోయినా తను మాత్రం ఆగేట్టు లేడనిపిస్తుంది. వేగం అటూ ఇటూ ఊగుతుంది కూడా. ఎవరూ సరిచేయలేదు. పంక్ ఇష్టపడేవాళ్లకు ఈ ఆల్బమ్ ఎక్కడానికి కారణం ఇదే. మేకప్ వేసుకున్న మెటల్ అనుకుని వస్తే, సగం పాటలు పవర్ పాప్ (మెలొడీ ఉన్న చురుకైన రాక్) మీద పంక్ కుర్రాళ్లు దాడి చేసినట్టుంటాయి. 'పబ్లిక్ ఎనిమీ నంబర్ 1', 'మెర్రీ గో రౌండ్' వినండి, అర్థమవుతుంది.

చివరి పాట 'ఆన్ విత్ ద షో' మీద ఒక మాట చెప్పాలి. ఫ్రాంకీ అనేవాడు మొన్న రాత్రి పోయాడంటూ ఆ పాట మొదలవుతుంది. నిక్కీ సిక్స్ అసలు పేరు ఫ్రాంక్ ఫెరానా. తల్లిదండ్రులు పెట్టిన పేరుకు తనే పాడె కట్టి సాగనంపాడన్నమాట. పార్టీ సంగీతం అని తీసిపారేసేవాళ్లు ఈ పాట దాకా వచ్చుండరు.

లోపం కూడా చెప్పాలి కదా. విన్స్ నీల్ గొంతు పలచన. పై స్థాయిలో శ్రుతి అంచు మీద నడుస్తుంటాడు, అప్పుడప్పుడు జారతాడు. సుశీలమ్మ, బాలు పాటలతో పెరిగిన చెవికి ఇది మొదట గుచ్చుకుంటుంది. రెండు మూడు పాటలయ్యాక ఆ సంగీతానికి ఆ గొంతే సరిపోయిందని నాకైతే అనిపించింది. అందరికీ అనిపించాలని లేదు.

ఏ మిక్స్ వినాలి?

ఈ ఆల్బమ్ ఎంచుకుంటే వెంటనే ఇంకో ఎంపిక ఎదురవుతుంది. చాలా గైడ్లు దీన్ని పట్టించుకోవు, అసలు తేడా ఇక్కడే ఉంది. బ్యాండ్‌ని ఎలెక్ట్రా అనే పెద్ద కంపెనీ తీసుకున్నాక 1982 ఆగస్టులో ఇదే ఆల్బమ్‌ని మళ్లీ విడుదల చేసింది. ఈసారి మిక్స్ చేసింది రాయ్ థామస్ బేకర్, క్వీన్ బ్యాండ్ 'బొహీమియన్ రాప్సొడీ' వెనకున్న ప్రొడ్యూసర్. శబ్దాన్ని శుభ్రం చేశాడు. పాటల వరస మార్చారు. 'స్టిక్ టు యువర్ గన్స్' తీసేశారు. టైటిల్ పాట మొదట్లో ఉన్న నెమ్మది భాగం కత్తిరించారు. పది పాటలు తొమ్మిదయ్యాయి.

చేతిలో ఉన్నది ఏదో గుర్తుపట్టడం చాలా తేలిక. రెండో పాట చూడండి. 'పబ్లిక్ ఎనిమీ నంబర్ 1' ఉంటే లెదర్ వెర్షన్. 'కమ్ ఆన్ అండ్ డాన్స్' ఉంటే ఎలెక్ట్రా వెర్షన్. తర్వాత వచ్చిన సీడీల్లో 'స్టిక్ టు యువర్ గన్స్'ని బోనస్‌గా చివర చేర్చారు. అది కనబడగానే అసలు వెర్షన్ అనుకోకండి, ముందున్న తొమ్మిదీ బేకర్ మిక్సులే. లెదర్ మిక్స్ మొత్తంగా కావాలంటే 2003లో వచ్చిన 'మ్యూజిక్ టు క్రాష్ యువర్ కార్ టు' బాక్స్ సెట్ మొదటి భాగంలో ఉంది.

నా ఓటు లెదర్‌కే. రోటి పచ్చడికీ మిక్సీ పచ్చడికీ ఉన్న తేడా ఇది. పాళ్లు అవే, నాలిక మీద తగిలే గరుకు పోతుంది. అయితే మామూలు హెడ్‌ఫోన్స్‌లో, బస్సులోనో మెట్రోలోనో వినేవాళ్లకు ఎలెక్ట్రా వెర్షన్ స్పష్టంగా వినబడుతుంది. దానికోసం ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. స్ట్రీమింగ్‌లో సాధారణంగా ముందు తగిలేదీ అదే.

పాయిజన్: 12 రోజులు, 23 వేల డాలర్లు

వీళ్లు లాస్ ఏంజెలిస్ వాళ్లే అనుకుంటారు చాలామంది. బ్యాండ్ పుట్టింది పెన్సిల్వేనియా రాష్ట్రంలో మెకానిక్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో, అప్పటి పేరు ప్యారిస్. 1984లో సామాన్లు సర్దుకుని లాస్ ఏంజెలిస్ వచ్చి పడ్డారు. రాక్ క్లబ్బులుండే సన్‌సెట్ స్ట్రిప్ రోడ్డు పొడుగునా కరపత్రాలు పంచుతూ తమ షోలకు తామే జనాన్ని పోగేసుకున్నారు. వచ్చిన కొన్నాళ్లకు గిటారిస్టు ఇంటికి వెళ్లిపోతే కొత్తవాడి కోసం ఆడిషన్లు పెట్టారు. వాటికి వచ్చినవాళ్లలో స్లాష్ ఒకడు. ఉద్యోగం మాత్రం సి.సి. డెవిల్‌కి దక్కింది. స్లాష్ గన్స్ ఎన్ రోజెస్‌కి వెళ్లాడు. ఇద్దరికీ మంచే జరిగింది.

ఎనిగ్మా అనే చిన్న లేబుల్. ప్రొడ్యూసర్ రిక్ బ్రౌడీ. 12 రోజుల్లో, సుమారు 23 వేల డాలర్లలో ఆల్బమ్ పూర్తయింది. ఆ డబ్బు కొరత ఆల్బమ్‌లో వినబడుతుందా అంటే, వినబడుతుంది. గిటార్ సన్నగా ఉంటుంది. డ్రమ్స్ అట్టపెట్టె మీద కొట్టినట్టు మోగే చోట్లున్నాయి. బ్రెట్ మైకేల్స్ మంచి గాయకుడని వాళ్ల అభిమానులు కూడా గట్టిగా వాదించరు.

మరి ఎందుకు వినాలి? పాటలు చెవిలో అతుక్కుపోతాయి కాబట్టి. 'టాక్ డర్టీ టు మీ' తీసుకోండి. మూడు నాలుగు గిటార్ కార్డ్‌లు (chords), పిల్లలు కూడా పాడేయగల కోరస్. సోలో వచ్చేముందు బ్రెట్ పాట ఆపి, సి.సి.ని పేరు పెట్టి పిలిచి గిటార్ అందుకోమంటాడు. అది చక్కగా ప్లాన్ చేసిన రికార్డింగ్‌లా ఉండదు. గదిలో నలుగురు ఫ్రెండ్స్ వాయించుకుంటుంటే తలుపు సందులోంచి విన్నట్టుంటుంది. సి.సి. వాయించే సోలో కూడా అలాగే, స్వరాలు ఒకదాని మీద ఒకటి దొర్లుకుంటూ వస్తాయి. ఆ పాట 1987లో అమెరికా హాట్ 100 పట్టికలో 9వ స్థానం దాకా వెళ్లింది. ఆల్బమ్ 3వ స్థానానికి. పెట్టిన డబ్బుకి ఇంత రాబట్టిన రికార్డులు ఆ దశాబ్దంలో ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కవర్ మీద నలుగురి మొహాలు నాలుగు గళ్లలో ఉంటాయి, బీటిల్స్ 'లెట్ ఇట్ బి' కవర్ తరహాలో. ఆ మేకప్ చూసి నలుగురమ్మాయిలనుకున్నవాళ్లు అప్పట్లో కొల్లలు. బ్యాండ్ కోరుకున్నదీ అదే.

నా ఇబ్బంది ఒకటుంది. మంచివి నాలుగు పాటలు: 'టాక్ డర్టీ టు మీ', 'క్రై టఫ్', 'ఐ వాంట్ యాక్షన్', 'ఐ వోంట్ ఫర్గెట్ యూ'. మిగిలినవి ఆ నాలుగింటికీ జిరాక్స్ కాపీలు. ఆల్బమ్ చిన్నది కాబట్టి విసుగు పుట్టేలోపే అయిపోతుంది, అదొక్కటే ఊరట. ఇంకోటి, అమ్మాయిల గురించి ఈ పాటలు మాట్లాడే తీరు. ఆ మాటకొస్తే ఈ మూడు ఆల్బమ్‌లూ అంతే, పాయిజన్‌ది కాస్త ఎక్కువ. హాల్లో స్పీకర్‌లో పెట్టేముందు ఇంట్లో ఎవరున్నారో చూసుకోండి.

స్కిడ్ రో: ఆలస్యంగా వచ్చినా తయారై వచ్చారు

న్యూజెర్సీలోని టామ్స్ రివర్ బ్యాండ్ ఇది. గిటారిస్టు డేవ్ సేబో చిన్నప్పటి నుంచీ రాక్ గాయకుడు జాన్ బాన్ జోవికి స్నేహితుడు. 1989 జనవరిలో అట్లాంటిక్ అనే కంపెనీ నుంచి ఆల్బమ్ వచ్చేనాటికి బాన్ జోవి ప్రపంచమంతా మోగిపోతున్నాడు. అతని టూర్‌లో ఓపెనింగ్ స్లాట్ వీళ్లకే. సిఫారసు ఉందని ఎత్తిపొడిచేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. సిఫారసు స్టేజీ దాకానే తీసుకెళ్తుంది, ఆ తర్వాత పాడాలి.

పాడడం దగ్గర ఈ పోటీలో మిగతా ఇద్దరూ వెనకబడిపోతారు. సెబాస్టియన్ బాక్‌కి అప్పటికి 20 ఏళ్లు. 'ఐ రిమెంబర్ యూ' అకూస్టిక్ గిటార్‌తో మెల్లగా మొదలవుతుంది. మొదటి చరణం దాదాపు గుసగుసలాడినట్టు పాడతాడు. చరణం చరణానికీ గొంతు ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. సోలో దాటాక అతను పైస్థాయిలో పట్టి నిలిపిన కేక వింటే, ఇప్పటిదాకా ఎక్కడ దాచాడిది అనిపిస్తుంది. మన సినిమా మెలొడీలు ఇష్టపడేవాళ్లకు ఈ సంగీతంలో తొందరగా దారి దొరికేది ఈ పాటలోనే. హాట్ 100లో 6 దాకా వెళ్లింది.

'18 అండ్ లైఫ్' ఇంకో 2 మెట్లు పైకి, 4వ స్థానానికి వెళ్లింది. రికీ అనే కుర్రాడు తుపాకీతో ఒకరి ప్రాణం తీసి, 18 ఏళ్లకే యావజ్జీవ శిక్ష పడి జైలుకెళ్లే కథ. లిప్‌స్టిక్ బ్యాండ్ల పాటల్లో తాగుడు, బళ్లు, అమ్మాయిలు తప్ప ఏముంటుందని అడిగేవాళ్లకు ముందు ఇదే వినిపిస్తాను. ఇక్కడ తాగుడుంది, దానికి ఫలితమూ ఉంది.

వాగెనర్‌కి ఈసారి చేతినిండా పని దొరికింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవాలోని స్టూడియోలో బ్యాండ్‌ని కూర్చోబెట్టి చేశాడు. రెండు గిటార్లు విడివిడిగా వినబడతాయి, బాస్ కింద గట్టిగా నిలబడుతుంది. మాట్లీ క్రూ లెదర్ మిక్స్ పక్కన ఇది పెట్టి చూడండి. డబ్బు ఏమేం కొనగలదో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఏం కొనలేదో కూడా. స్కిడ్ రోలో పొరపాటు అన్నది లేదు, 'లైవ్ వైర్'లోని ప్రమాదమూ లేదు. అన్నీ వేయాల్సిన చోట వేసినట్టు ఉంటాయి. 'యూత్ గాన్ వైల్డ్' కూడా కాస్త అంతే, తిరగబడమని చెప్పే పాట ఇంత నీట్‌గా ఉండాలా అనిపిస్తుంది. అమెరికాలో దీని అమ్మకాలు 50 లక్షలు దాటాయి. ఈ మూడింటిలో ఎక్కువ అమ్ముడైంది ఇదే.

మిగతావాళ్ల సంగతి

రాట్ 'అవుట్ ఆఫ్ ద సెల్లార్' (1984) గిటార్ నేర్చుకుంటున్నవాళ్లు వినాల్సింది. వారెన్ డిమార్టిని, రాబిన్ క్రాస్బీ ఇద్దరూ కలిసి 'రౌండ్ అండ్ రౌండ్'లో వాయించే జంట గిటార్ భాగం ఒక్కటి చాలు. పాటగాడి గొంతు బొంగురు, దానికి అలవాటు పడాలి.

క్వయట్ రయట్ 'మెటల్ హెల్త్' (1983)ని తొలి ఆల్బమ్ కింద లెక్కేసేవాళ్లున్నారు. అమెరికాలో మొదటిది నిజమే కానీ, అంతకుముందు జపాన్‌లో మాత్రమే వచ్చినవి రెండున్నాయి, ర్యాండీ రోడ్స్ గిటార్ వాయించినవి. పైగా దాంట్లో పెద్ద హిట్ 'కమ్ ఆన్ ఫీల్ ద నాయిస్' ఇంగ్లండ్ బ్యాండ్ స్లేడ్ పాట. అందుకే పోటీలో పెట్టలేదు.

సిండరెల్లా 'నైట్ సాంగ్స్' (1986)తో నాకు పేచీ ఉంది. ఫిలడెల్ఫియా బ్యాండ్, ప్రొడ్యూసర్ ఆండీ జాన్స్. లెడ్ జెప్పెలిన్, రోలింగ్ స్టోన్స్ రికార్డులకు ఇంజినీరింగ్ చేసిన మనిషి. 'నోబడీస్ ఫూల్' బాగుంటుంది. కానీ గాయకుడు టామ్ కీఫర్ అసలు మనసు బ్లూస్ మీద ఉంది, ఈ ఆల్బమ్‌లో అది మేకప్ కింద ఉక్కిరిబిక్కిరైంది. కవర్ మీద కనబడే డ్రమ్మర్ ఫ్రెడ్ కూరీ, లోపల వాయించింది జోడీ కోర్టెజ్ అనే వేరే డ్రమ్మర్. ఆ బ్యాండ్ వరకూ నా నియమం సడలిస్తాను. తొలి ఆల్బమ్ వదిలేసి 1988 నాటి 'లాంగ్ కోల్డ్ వింటర్'తో మొదలుపెట్టండి.

ఇంతకీ మీరు ఏది పెట్టాలి?

గొంతు ముఖ్యం అనుకుంటే, మెలొడీ కావాలంటే, లేదా ఐరన్ మెయిడెన్, మెటాలికా లాంటివి అలవాటుండి గ్లామ్ అంటే అనుమానంగా ఉంటే స్కిడ్ రో. నలుగురికి సలహా ఇవ్వాల్సొస్తే ముగ్గురికి నేను చెప్పేది ఇదే. మీరు రామోన్స్ లాంటి పంక్ వైపు నుంచి వస్తుంటే, లేదా నున్నగా ఉన్న రికార్డులంటే మీకు చిరాకైతే మాట్లీ క్రూ, అదీ లెదర్ మిక్స్. శుక్రవారం సాయంత్రం ఆఫీస్ టెన్షన్ దిగడానికి ఏదో ఒకటి పెట్టి గంతులేయాలంటే మాత్రం పాయిజన్‌ని మించింది లేదు. దాని గురించి ఎక్కువ ఆలోచించకుండా వినాలి.

రెండు వినే ఓపిక ఉంటే స్కిడ్ రో, ఆ వెంటనే మాట్లీ క్రూ. తిప్పి వింటే మాట్లీ క్రూ రికార్డింగ్ పేదగా అనిపించదు, స్కిడ్ రో మరీ నునుపుగా అనిపిస్తుంది. కొత్తవాళ్లకు ఆ దెబ్బ తగలకుండా ఉంటేనే మంచిది.

ఎల్పీ కొనే ఆలోచనుంటే పాయిజన్, స్కిడ్ రో విషయంలో పెద్దగా తల బద్దలు కొట్టుకోవాల్సింది లేదు, లక్షల్లో అచ్చయ్యాయి కాబట్టి పాతవి దొరుకుతాయి. స్కిడ్ రో వచ్చేనాటికి సీడీ కాలం కాబట్టి, ఎల్పీ కంటే పాత సీడీ చవగ్గా పడుతుంది, శబ్దమూ బాగుంటుంది. మాట్లీ క్రూ దగ్గరే జాగ్రత్త. లెదర్ రికార్డ్స్ అసలు కాపీ అని ఎవరైనా ఆన్‌లైన్‌లో పెడితే ముందు అనుమానించండి, నకిలీలు చాలా తిరుగుతున్నాయి. రికార్డు మధ్యలో లేబుల్ చుట్టూ పాట గీతలు లేని భాగం ఉంటుంది, అక్కడ చెక్కిన నంబర్ల ఫొటో అడగండి. పంపనంటే బేరం వదిలేయండి. విదేశం నుంచి తెప్పించుకుంటే షిప్పింగ్‌తో పాటు కస్టమ్స్ సుంకం కూడా పడుతుంది, అది లెక్కేయకుండా ధర చూసి మురిసిపోకండి. పాటల కోసమే అయితే ఆ డబ్బుతో ముందు చెప్పిన బాక్స్ సెట్ సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవడం మేలు, లెదర్ మిక్స్ పది పాటలూ అందులో వస్తాయి.